నల్లరేగడి పెరట్లో టర్ఫ్ కోర్టు వేసుకోవడం ఎలా?

పెరట్లో టర్ఫ్ (కృత్రిమ గడ్డి) కోర్టు వేయించాలనుకునే వాళ్లు ముందుగా అడిగేది టర్ఫ్ గురించే. ఎన్ని ఎంఎం వేయాలి, ఏ కంపెనీది మంచిది, చదరపు అడుగు ఎంత? మీది గట్టి ఎర్రనేల అయితే ఈ ప్రశ్నలతో మొదలుపెట్టినా ఫర్వాలేదు. నల్లరేగడి అయితే మాత్రం టర్ఫ్ ఎంపికను చివరికి వదిలేయండి. గుంటూరు, పల్నాడు, ప్రకాశం, నంద్యాల, ఆదిలాబాద్ వైపు ఉన్నవాళ్లకు ఈ మట్టి సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు బారుతుంది. పైన ఎంత ఖరీదైన టర్ఫ్ పరిచినా, కింద మట్టి ఎటు కదిలితే అదీ అటే పోతుంది. మొదటి వేసవికే అంచులు లేస్తాయి, అతుకులు విడిపోతాయి, మధ్యలో గుంటలు పడి నీళ్లు నిలుస్తాయి. అప్పుడు అందరూ టర్ఫ్‌ని తిడతారు.

ఈ మట్టిలో మాంట్‌మొరిల్లొనైట్ అనే ఖనిజం ఉంటుంది. దాని పొరల మధ్యకు నీరు చేరితే ఉబ్బుతుంది, నీరు పోతే ముడుచుకుంటుంది. ఆ గుణాన్ని పూర్తిగా పోగొట్టడం ఇంటి స్థాయిలో కుదరదు. మన చేతిలో ఉన్నది ఒక్కటే: కోర్టు కింద మట్టిలో తేమ ఏడాది పొడవునా పెద్దగా మారకుండా చూడటం. మట్టి తడిగా ఉందా, పొడిగా ఉందా అన్నది కాదు సమస్య, తడి నుంచి పొడికి, పొడి నుంచి తడికి మారడమే సమస్య. కింద చెప్పే ప్రతి పనీ ఆ మార్పును తగ్గించడానికే. అందుకే ఏ ఒక్కటీ ‘తర్వాత చూద్దాంలే’ అని వదిలేయొద్దు.

అమెరికాలో డల్లాస్, ఫ్రిస్కో చుట్టుపక్కల ఇళ్లు కొనుక్కున్న మన వాళ్లకూ ఇదే బాధ. అక్కడి బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ మట్టి కూడా ఇలాగే ఉబ్బే నల్లమట్టి. అక్కడ సామాను పేర్లు, పద్ధతులు వేరుగా ఉన్నా, కింద చెప్పిన లెక్కలో ఎక్కువ భాగం పనికొస్తుంది.

కొలత ఎంత పెట్టుకోవాలి

టెన్నిస్ బంతితో బాక్స్ క్రికెట్, చిన్న పిల్లల ఫుట్‌బాల్ రెండూ ఆడుకునేలా 60 అడుగుల పొడవు, 26 అడుగుల వెడల్పు ఉన్న కోర్టును లెక్కకు తీసుకుందాం. 26 ఎందుకంటే టర్ఫ్ రోల్స్ సాధారణంగా 2 మీటర్లు లేదా 4 మీటర్ల వెడల్పులో వస్తాయి. 4 మీటర్ల రోల్స్ రెండు పక్కపక్కన పరిస్తే 8 మీటర్లు, అంటే 26 అడుగుల 3 అంగుళాలు. అతుకు దగ్గరా, అంచుల దగ్గరా కత్తిరించడానికి ఆ 3 అంగుళాలు సరిపోతాయి. 30 అడుగులు పెట్టుకుంటే మూడో రోల్ కొని అందులో చాలా భాగం పారేయాల్సి వస్తుంది. రోల్ వెడల్పు తెలుసుకున్నాకే తాడు పట్టండి.

స్థలం ఎంచుకునేటప్పుడు చెట్లను గమనించండి. వేప, చింత, కానుగ లాంటి పెద్ద చెట్ల వేళ్లు వేసవిలో మట్టిలోని తేమను లాగేస్తాయి, ఆ వైపు నేల కుంగుతుంది. చెట్టు ఎంత ఎత్తుంటే కోర్టు అంత దూరంలో ఉండటం మంచిది. పెరట్లో అంత జాగా ఎక్కడుంటుంది అంటారా? చెట్టు కొట్టేయక్కర్లేదు. చెట్టుకీ కోర్టుకీ మధ్య నాలుగడుగుల లోతు సన్నటి కందకం తీసి, మందపాటి ప్లాస్టిక్ షీట్ నిలువుగా దించి, తీసిన మట్టితోనే పూడ్చేయండి. వేళ్లు ఇటు రావడం బాగా తగ్గుతుంది. ఇంకుడు గుంత, సెప్టిక్ ట్యాంక్, కారే సంపు, చూరు నీళ్లు పడే చోటు, ఇవన్నీ మట్టికి ఒకవైపే నీళ్లు తాపుతాయి. వాటికి దూరంగా జరగండి. లేదా ముందు వాటిని బాగుచేయించండి.

ఏ నెలలో పని మొదలుపెట్టాలి

ఎండాకాలం సెలవులకు కోర్టు సిద్ధంగా ఉండాలని చాలామంది ఏప్రిల్‌లో తవ్వకం మొదలుపెడతారు. నల్లరేగడికి అంతకన్నా చెడ్డ సమయం లేదు. అప్పుడు మట్టి బాగా ఎండి, ముడుచుకుని, నెర్రెలు తీసి ఉంటుంది. దాని మీద కట్టింది జూన్, జూలైలో మట్టి ఉబ్బగానే పైకి లేస్తుంది. నడి వానాకాలంలో జేసీబీ దిగబడిపోతుంది, రోలర్ ఆడదు. కాబట్టి వానలు తగ్గి, మట్టి లోపల చెమ్మ ఉండి, పైన నడిస్తే కాలికి అంటుకోని సమయం చూసుకోవాలి. తెలంగాణలో ఇది దాదాపు అక్టోబరు చివర నుంచి జనవరి వరకు. ఈశాన్య రుతుపవనాలు, తుపాన్లు ఉండే కోస్తాలో డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు.

తప్పనిసరిగా వేసవిలోనే చేయాల్సి వస్తే, తవ్విన గుంటకు గట్లు కట్టి నీళ్లు నింపి కొన్ని రోజులు నాననివ్వండి. నెర్రెలు పూర్తిగా మూసుకుపోయాక, మట్టి పదునుకు వచ్చేవరకు ఆగి అప్పుడు ముందుకు వెళ్లండి.

పదును చూడటానికి తేలికైన పరీక్ష ఉంది. చిటికెడు మట్టి తీసుకుని అరచేతుల మధ్య పుల్లలా పాముతూ సన్నం చేయండి. 3 ఎంఎం మందానికి వచ్చేసరికి అది పగుళ్లిచ్చి తునిగితే దిమ్మిస కొట్టడానికి సరైన తేమ ఉన్నట్టు. అంతకంటే సన్నగా సాగుతుంటే తడి ఎక్కువ, మందంగా ఉండగానే పొడిపొడి అయిపోతుంటే తడి తక్కువ. ఈ మట్టిని కొంచెం తడి వైపు ఉండగా గట్టిపరిస్తేనే తర్వాత తక్కువ ఉబ్బుతుంది.

మీ మట్టి ఎంత ఉబ్బుతుందో చూసుకోండి

నల్లగా ఉన్న ప్రతి మట్టీ ఒకేలా ఉబ్బదు. ఈ పరీక్ష మానేస్తే కింద పొర ఎంత మందం వేయాలో తెలియక, ఎక్కువ వేసి డబ్బో, తక్కువ వేసి కోర్టో పోగొట్టుకుంటారు. మట్టి పరీక్షల భారతీయ ప్రమాణం ఐఎస్ 2720 లోని 40వ భాగంలో దీనికి పద్ధతి ఉంది. రెండడుగుల లోతు నుంచి తీసిన మట్టిని ఆరబెట్టి, పొడిచేసి, 425 మైక్రాన్ల జల్లెడ పట్టి, 10 గ్రాముల చొప్పున రెండు వాటాలు తీసుకోవాలి. రెండు 100 మిల్లీలీటర్ల కొలత గాజు గొట్టాల్లో వేసి ఒకదాంట్లో నీళ్లు, మరోదాంట్లో కిరోసిన్ పోసి, గాలి బుడగలు పోయేలా కలిపి 24 గంటలు కదపకుండా ఉంచాలి. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు. నీళ్లలో ఉబ్బుతుంది. కిరోసిన్‌లో అడుగున 10 మిల్లీలీటర్ల మేర పేరుకుని, నీళ్లలో 17 మిల్లీలీటర్లు పేరుకుంటే ఉబ్బు 70 శాతం.

50 శాతం లోపు వస్తే ఊపిరి పీల్చుకోండి, మట్టికి సున్నం కలిపే పని వదిలేయొచ్చు. 50 నుంచి 100 మధ్య అయితే నేను చెప్పబోయే మందాలు సరిపోతాయి. 100 దాటితే గ్రావెల్ (మొరం) పొరను 9 అంగుళాలకు బదులు 18 అంగుళాలు చేయండి, తవ్వకం కూడా అంత లోతుకు తీయండి. 200 దాటిన చోట సివిల్ ఇంజినీర్‌ని తీసుకొచ్చి చూపించకుండా అడుగు ముందుకు వేయొద్దు. ఇంట్లో ఈ పరీక్ష చేయలేకపోతే దగ్గర్లోని ఇంజినీరింగ్ కాలేజీ సివిల్ విభాగంలోనో, మట్టి పరీక్షల ల్యాబ్‌లోనో అడగండి. పనిలో పనిగా సల్ఫేట్ ఎంత ఉందో కూడా చూడమనండి. దాని అవసరం సున్నం దగ్గర వస్తుంది.

తవ్వకం

60 అడుగులు, 26 అడుగుల దారాలు కట్టాక మూల నుంచి మూలకు కొలవండి. రెండు కర్ణాలూ 65 అడుగుల 4¾ అంగుళాల దగ్గర సమానంగా రావాలి. ఇక్కడ రెండంగుళాల తేడా వస్తే టర్ఫ్ కత్తిరించేటప్పుడు ఒక మూల చాలకుండా పోతుంది.

తవ్వేది మాత్రం కోర్టు అంచుకు నాలుగు వైపులా రెండడుగులు బయటకు, అంటే 64 × 30 అడుగులు. లోతు 9 అంగుళాలు. ఎక్కువ తవ్వితే ఎక్కువ గట్టిగా ఉంటుందని కొందరు మేస్త్రీలు మూడడుగులు తవ్వించి కంకర నింపేస్తారు. అది వద్దు. నల్లరేగడిలో గొయ్యి తీసి, నీళ్లు సులభంగా దిగే కంకరతో నింపితే ఆ గొయ్యి తొట్టిలా తయారవుతుంది. పడ్డ వాన అంతా అందులోకి దిగి, బయటకు దారి లేక, అడుగు మట్టిని నెలల తరబడి నానబెడుతుంది. కోర్టు చుట్టూ ఉన్న నేల కంటే ఎత్తులో ఉండాలి, నీళ్లు పక్కకు జారిపోవాలి. అందుకే తక్కువ తవ్వి పైకి లేపుతున్నాం.

ఈ లెక్కన దాదాపు 1,440 ఘనపుటడుగుల మట్టి వస్తుంది. తవ్వాక గుల్లయి 1,850 దాటుతుంది, అంటే 19 యూనిట్లు (యూనిట్ అంటే 100 ఘనపుటడుగులు). ఆ మట్టిని కోర్టు చుట్టూ పోయించుకోవద్దు, చుట్టూ ఎత్తయితే నీళ్లు తిరిగి కోర్టు వైపే వస్తాయి. పొలాలకు నల్లమట్టి కావాల్సిన వాళ్లు దొరుకుతారు, ముందే మాట్లాడి పెట్టుకోండి.

గుంట అడుగునే వాలు పెట్టండి. 26 అడుగుల వెడల్పులో ఒకవైపు నుంచి రెండోవైపుకు 3 అంగుళాలు, అంటే వందకు ఒకటి. లెవెల్ పైపుతో ప్రతి పదడుగులకూ ఒక మేకు దగ్గర చూసుకోండి. పైన వేసే ప్రతి పొరా ఇదే వాలును అనుసరిస్తుంది కాబట్టి చివర్లో డస్ట్‌తో (క్రషర్ దగ్గర వచ్చే రాతి పొడి) సర్దుకుందామనే ఆలోచన పెట్టుకోవద్దు.

సున్నం కలపడం

ఉబ్బు 50 శాతం దాటిన మట్టికి ఇది చాలా మేలు చేస్తుంది. సున్నం మట్టి జిగటను తగ్గిస్తుంది, ఉబ్బును తగ్గిస్తుంది, తర్వాత నెమ్మదిగా గట్టిపరుస్తుంది. గుంట అడుగున 6 అంగుళాల మందంలో, ఎండు మట్టి బరువులో సుమారు 4 శాతం హైడ్రేటెడ్ సున్నం కలపాలి. కోర్టు మేరకు మట్టి 33 టన్నులు ఉంటుంది, సున్నం 1.3 టన్నులు పడుతుంది. చుట్టూ ఉన్న రెండడుగులకూ వేస్తే 1.6 టన్నులు.

పార పనితో ఇది సమంగా కలవదు. ట్రాక్టర్ రోటావేటర్ పిలిపించండి, ఊళ్లో ఎవరి దగ్గరైనా ఉంటుంది. సున్నం బస్తాలను గళ్లు గీసి సమానంగా కుప్పలు పోసి, పరిచి, అడ్డంగా ఒకసారి నిలువుగా ఒకసారి తిప్పించండి. నీళ్లు చల్లి, పైపైన రోలర్ ఆడించి ఒకటి రెండు రోజులు వదిలేయండి. తర్వాత మళ్లీ రోటావేటర్ తిప్పితే మట్టి పెళ్లలు చాలావరకు పొడి అవుతాయి. అప్పుడు గట్టిగా రోలింగ్ చేయించి, వారం పాటు ఎండిపోకుండా తడుపుతూ ఉండండి.

రెండు జాగ్రత్తలు. సున్నం కళ్లలో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది. పనివాళ్లకు కళ్లద్దాలు, గ్లౌజులు, బూట్లు ఇవ్వకుండా బస్తా విప్పనివ్వొద్దు, గాలి ఎక్కువగా ఉన్న రోజు ఈ పని పెట్టుకోవద్దు. పిల్లలను అటు రానివ్వొద్దు. రెండోది, మట్టిలో సల్ఫేట్ ఎక్కువగా ఉంటే సున్నం మేలు చేయకపోగా మట్టిని ఇంకా ఉబ్బిస్తుంది. ల్యాబ్ రిపోర్టులో ఆ అంకె చూసి ఇంజినీర్ సరే అన్నాకే వేయండి.

గ్రావెల్ పొర

కోస్తాలో గ్రావెల్ అంటాం, తెలంగాణలో మొరం అంటారు. ఈ పొర మీదే మీ కోర్టు ఆధారపడి ఉంది. నల్లమట్టి మీద నేరుగా ఇసుక పరిచి సరిపెట్టే అలవాటు చాలాచోట్ల ఉంది. ఇసుక నీళ్లను ఆపదు, తిన్నగా మట్టికి చేరుస్తుంది. ఐఐటీ బొంబాయి ఆచార్యుడు ఆర్.కె. కట్టి ఈ మట్టి మీద ఏళ్ల తరబడి పనిచేసి, ఉబ్బే మట్టి మీద ఇసుక కాకుండా, కాస్త జిగురు ఉండి తాను మాత్రం ఉబ్బని మట్టి పొర వేయాలని చూపించారు. కాలువల పనుల్లో ఆ పద్ధతి వాడారు. మన ఎర్ర గ్రావెల్ మంచిదైతే సరిగ్గా ఆ గుణంతోనే ఉంటుంది.

మంచిదో కాదో లారీ దించకముందే చూడండి. సన్నటి భాగాన్ని తడిపి బిస్కెట్ మందంలో తట్టి ఎండలో పెట్టండి. ఎండాక గట్టిగా ఉండి, పగుళ్లు రాకుండా, పెద్దగా ముడుచుకోకుండా ఉంటే తీసుకోండి. బీటలు వస్తే అందులో నల్లమట్టి లాంటిదే కలిసి ఉంది. ఇసుకలా రాలిపోతే జిగురు లేదు. రెండూ వద్దు.

మట్టికీ గ్రావెల్‌కీ మధ్య నేయని రకం జియోటెక్స్‌టైల్ గుడ్డ పరచండి, అతుకుల దగ్గర అడుగు మేర ఒకదాని మీద ఒకటి వచ్చేలా. వానల్లో మెత్తబడ్డ మట్టి పైకి రాకుండా, గ్రావెల్ కిందికి దిగిపోకుండా అది ఆపుతుంది. దీని ఖర్చు మొత్తంలో చిన్నదే, కానీ కాంట్రాక్టర్లు ముందుగా ఎగ్గొట్టేది దీన్నే.

గట్టిపడ్డాక 9 అంగుళాలు రావాలంటే 19 యూనిట్ల గ్రావెల్ తెప్పించాలి. ఒకేసారి పోసి రోలర్ ఎక్కిస్తే పైన రెండు మూడు అంగుళాలే గట్టిపడతాయి, మిగతాది తర్వాత కుంగుతుంది. పెరట్లోకి పెద్ద రోలర్ రాదు. నడిచి తోసే టన్ను బరువు వైబ్రేటింగ్ రోలర్ అద్దెకు తెచ్చుకుని, వదులుగా 6 అంగుళాల చొప్పున రెండు వరసలు వేయండి. ప్లేట్ కంపాక్టర్ మాత్రమే దొరికితే ఒక్కో వరస 4 అంగుళాలకు మించొద్దు. ప్రతి వరసకూ నీళ్లు చల్లి, మడమతో గట్టిగా తొక్కినా గుర్తు పడనంత వరకు తిప్పాలి. చివర్లో, లోడుతో ఉన్న ట్రాక్టర్ ట్రక్కును మెల్లగా నడిపించి చూడండి. టైరు కింద నేల దిగి లేచిన చోట తవ్వి మళ్లీ వేయాలి. గ్రావెల్ పొర పై మట్టం చుట్టూ ఉన్న నేలతో దాదాపు సమానంగా వస్తుంది.

చాలామంది ఇక్కడ 4 అంగుళాల కాంక్రీట్ వేసి దాని మీద టర్ఫ్ అతికించమంటారు. నల్లరేగడి మీద అది నాకు నచ్చదు. మట్టి కొద్దిగా కదిలినా కాంక్రీట్ పగులుతుంది, పగిలాక బాగుచేయలేం. కంకర, డస్ట్ అడుగు అయితే టర్ఫ్ లేపి, కుంగిన చోట ఇంకాస్త పోసి, మళ్లీ పరుచుకోవచ్చు.

అంచు గట్టు, స్తంభాలు, కాలువ

గ్రావెల్ మీద కోర్టు చుట్టూ 6 అంగుళాల వెడల్పు, 6 అంగుళాల ఎత్తు కాంక్రీట్ గట్టు పోయండి, లోపల రెండు 8 ఎంఎం ఊచలు పెట్టి. ప్రతి పదడుగులకూ ఊచలతో సహా ఒక సందు వదలండి. పగుళ్లు ఎక్కడ పడితే అక్కడ రాకుండా ఆ సందుల దగ్గరే కదలిక ఉంటుంది. వాలు దిగే వైపు గట్టు అడుగున ప్రతి మూడడుగులకూ ఒక అంగుళంన్నర పైపు ముక్క పెట్టి కన్నాలు ఉంచండి. లోపలికి దిగిన నీళ్లు బయటకు రావాల్సింది వాటిలోంచే. లోపలి వైపు ప్రతి కన్నానికీ జియోటెక్స్‌టైల్ ముక్క అడ్డం పెడితే డస్ట్ కొట్టుకుపోదు.

నెట్ స్తంభాలను గట్టులో పోయవద్దు. విడిగా, గట్టుకు అడుగు దూరంలో, ట్రాక్టర్‌తో గుంటలు తీసే ఆగర్‌తో ఐదారు అడుగుల లోతుకు తీసి నిలబెట్టండి. లోతైన నల్లరేగడిలో ఈ ఉబ్బు కదలిక మూడున్నర మీటర్ల వరకు ఉంటుందన్న లెక్కతోనే భవనాల పైల్ పునాదులు అంత లోతుకు దింపుతారు. నెట్ స్తంభానికి అంత అక్కర్లేదు. కానీ అది కాస్త లేచినా గట్టును లాగకుండా ఉండాలి. లైట్లు పెట్టే ఆలోచన ఉంటే వైరు పైపులు ఇప్పుడే వేసేయండి.

ఇక నీళ్లు. ఈ కోర్టు మీద 25 ఎంఎం వాన పడితే 3,600 లీటర్లు, తుపాను రోజు 100 ఎంఎం పడితే 14,500 లీటర్లు దిగుతాయి. వాలు దిగే వైపు గట్టు బయట, గ్రావెల్‌లోనే కాలువ తీయండి. మొదట్లో 5 అంగుళాల లోతు, చివరికి 8 అంగుళాలు. గ్రావెల్ దాటి నల్లమట్టిలోకి దిగకూడదు. అడుగున మందపాటి ప్లాస్టిక్ షీట్ పరిచి, 6 అంగుళాల పీవీసీ పైపును నిలువునా రెండుగా చీల్చి అందులో కూర్చోబెట్టండి. కన్నాల పైపును కంకరలో పూడ్చే పద్ధతి కంటే నేను దీన్నే ఎంచుకుంటాను. ఆకులు, మట్టి చేరితే చేత్తో తీసేయొచ్చు, సిమెంట్ కాలువలా పగలదు. చివరన ఆ నీళ్లు వీధి కాలువలోకో, కోర్టుకు కనీసం 20 అడుగుల దూరంలో ఉన్న ఇంకుడు గుంతలోకో పోవాలి. కోర్టు పక్కనే ఇంకుడు గుంత పెడితే ఇంతవరకు చేసిందంతా వృథా.

మిగతా మూడు వైపులా బయట ఉన్న రెండడుగుల గ్రావెల్ మీద ప్లాస్టిక్ షీట్ పరిచి, బయటకు వాలుగా సిమెంట్ పలకలు వేయండి. తేమ మార్పు ఎక్కువగా వచ్చేది అంచుల్లోనే. వేసవిలో నెర్రెలు అక్కడి నుంచే లోపలికి పాకుతాయి.

కంకర, డస్ట్

గట్టు లోపల 4 అంగుళాల కంకర, దాని మీద అంగుళం డస్ట్. 20 ఎంఎం, 12 ఎంఎం కలిపిన కంకర ఏడు యూనిట్లు, క్రషర్ డస్ట్ రెండు యూనిట్లకు కాస్త తక్కువ పడుతుంది. గ్రావెల్ మీద, కంకర మీద ఒక్కో పొర జియోటెక్స్‌టైల్ వేస్తే పొరలు ఒకదాంట్లో ఒకటి కలవవు. డస్ట్ మరీ పిండిలా ఉంటే నీళ్లు దిగవు. చేతిలోకి తీసుకుంటే గరుకుగా తగలాలి.

డస్ట్ తడిపి రోలర్ ఆడించాక పదడుగుల అల్యూమినియం బద్ద వేసి అన్ని వైపులా తిప్పి చూడండి. కింద ఎక్కడా 10 ఎంఎం కంటే ఎక్కువ సందు కనిపించకూడదు. ఇక్కడ ఓపిక పట్టండి. ఒక పూట ఎక్కువ పట్టినా ఫర్వాలేదు, ఎందుకంటే టర్ఫ్ ఏ గుంటనూ దాచదు, బంతి పడిన ప్రతిసారీ తెలిసిపోతుంది. తర్వాత గొట్టంతో నీళ్లు బాగా పట్టి అరగంట చూడండి. నీళ్లు నిలిచిన చోట సుద్దముక్కతో గీసి సరిచేయండి.

వీలైతే ఈ దశలో పని ఆపి ఒకటి రెండు వానలు పడనివ్వండి. కుంగేది ఏమైనా ఉంటే టర్ఫ్ పరచకముందే కుంగుతుంది.

టర్ఫ్

టెన్నిస్ బంతి క్రికెట్‌కు 50 ఎంఎం ఫుట్‌బాల్ టర్ఫ్ వేస్తే బంతి లేవదు. రెండు ఆటలకూ సర్దుకునేలా 25 నుంచి 30 ఎంఎం, ఒత్తుగా కుట్టినది తీసుకోండి. శాంపిల్ ముక్క తెప్పించి వెనక భాగం చూడండి, నీళ్లు దిగే కన్నాలు ఉన్నాయా, పోగును శ్రావణంతో లాగితే ఊడివస్తోందా అని. అల్ట్రావయొలెట్ కిరణాలకు గ్యారంటీ ఎన్నేళ్లో కాగితం మీద రాయించుకోండి.

రోల్స్ విప్పి రెండు మూడు గంటలు ఎండలో పరిచి ఉంచితే మడతలు పోతాయి. రెండు రోల్స్‌లోనూ పోగు వాలు ఒకే దిక్కుకు ఉండాలి, లేకపోతే రెండు రంగుల్లా కనిపిస్తుంది. అతుకు దగ్గర రెండు అంచులనూ వెనక నుంచి ఒకటి రెండు కుట్ల మేర కత్తిరించి దగ్గరకు చేర్చండి. సందు 2 ఎంఎం మించకూడదు. కింద అడుగు వెడల్పు సీమ్ టేప్ వేసి, రెండు భాగాల పీయూ (పాలీయురెథేన్) గమ్ కలిపి సమంగా పూసి, రెండు వైపులా దించి, ఇసుక బస్తాలు బరువు పెట్టండి. కంపెనీ చెప్పినంతసేపు ఎవరినీ తొక్కనివ్వొద్దు. వాన సూచన ఉన్న రోజు గమ్ తెరవొద్దు. అంచులను మాత్రం గట్టుకు అతికించండి, మధ్యలో కిందికి ఎక్కడా అతికించొద్దు.

పైన సిలికా ఇసుక చల్లి గట్టి చీపురుతో పోగుల మధ్యకు దించాలి. ఇంత పొట్టి టర్ఫ్‌కు చదరపు మీటరుకు 8 నుంచి 10 కిలోలు, మొత్తం టన్నున్నర దాకా. ఒకేసారి పోయకుండా మూడు నాలుగు విడతలుగా వేయండి. కడిగి ఆరబెట్టిన సిలికానే వాడండి, ఏటి ఇసుకలో బంకమట్టి ఉంటుంది, కన్నాలు మూసుకుపోతాయి. నల్ల రబ్బరు గుళికలు ఇంటి కోర్టుకు నేను వద్దనే చెబుతాను. ఎండకు ఇంకా వేడెక్కుతాయి, వానకు కొట్టుకుపోయి కాలువల్లో, పొలాల్లో కలుస్తాయి. ఇలా కొట్టుకుపోయి పర్యావరణంలో కలుస్తాయనే యూరోపియన్ యూనియన్ 2023లో వాటి అమ్మకం మీద నిషేధం తెచ్చి, మారడానికి 8 ఏళ్ల గడువు ఇచ్చింది.

కాంట్రాక్టర్‌కు ఇస్తుంటే కొటేషన్‌లో ప్రతి పొర మందమూ, సున్నమూ, జియోటెక్స్‌టైల్ ఎన్ని పొరలో విడివిడిగా రాయించండి. ‘టర్ఫ్ విత్ బేస్’ అని ఒక్క ముక్కలో రాసిన కాగితం మీద సంతకం చేయొద్దు.

వేశాక

మన వేసవి మధ్యాహ్నాల్లో టర్ఫ్ ఉపరితలం 60 డిగ్రీలు దాటగలదు, చెప్పులు లేని పిల్లల పాదాలు కాలతాయి. ఏప్రిల్, మే నెలల్లో ఉదయం తొమ్మిది లోపు, సాయంత్రం ఐదు తర్వాతే ఆడనివ్వండి. నీళ్లు చల్లితే చల్లబడుతుంది గానీ ఎక్కువసేపు ఉండదు. దీపావళి టపాసులు, భోగి నిప్పులు ఈ కోర్టు దరిదాపుల్లో వద్దు, ఒక్క రవ్వ పడినా పోగు కరిగి గట్టిపడుతుంది.

వారానికోసారి పోగు వాలుకు ఎదురుగా చీపురు పట్టండి, కాలువలో ఆకులు తీయండి. వానాకాలం ముందు గట్టు కన్నాల్లోంచి నీళ్లు వస్తున్నాయో లేదో గొట్టంతో పరీక్షించండి.

మొదటి ఏడాది, ఒక వేసవి, ఒక వానాకాలం గడిచేవరకు, గట్టు మీద నాలుగు మూలలా రంగుతో గుర్తులు పెట్టి, ప్రహరీ మీదో ఇంటి మెట్టు మీదో ఉన్న కదలని గుర్తుతో లెవెల్ పైపు పెట్టి రెండు నెలలకోసారి చూసి రాసుకోండి. అర అంగుళం తేడా వస్తూ పోతూ ఉంటే ఫర్వాలేదు. ఒకే మూల ప్రతిసారీ లేస్తుంటే ఆ వైపు ఎక్కడో నీళ్లు దిగుతున్నాయి, కుళాయి పైపో, డ్రైనేజీయో కారుతోందేమో వెతకండి. ఒకే మూల కుంగుతుంటే చెట్టు వేళ్లను అనుమానించండి. పలకల అవతల వేసవిలో నెర్రెలు కనిపిస్తే ఇసుకతో పూడ్చవద్దు, ఇసుక నిండిన నెర్రెలోంచి వాననీళ్లు ఇంకా లోతుకు పోతాయి. పక్కనున్న మట్టినే పొడిచేసి, కాస్త సున్నం కలిపి నింపి, దిమ్మిస కొట్టండి. లోపల ఎక్కడైనా గుంట పడితే ఆ వైపు అంచు గమ్ విడదీసి, టర్ఫ్‌ను వెనక్కి మడిచి, డస్ట్ పోసి తడిపి గట్టిపరచి, మళ్లీ అతికించేయండి. మొదట్లోనే చూసుకుంటే అది ఇద్దరు మనుషులు ఒక పూటలో చేసే పని.